మంచు తడిపిన దుమ్ము నుంచి బండిని కాపాడుకోవడం ఎలా?

కార్తీకం దాటగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, వానలే లేవు కదా, బండి ఇంత మురికెందుకు అవుతోంది? వారానికోసారి వాటర్ సర్వీసింగ్ చేయిస్తున్నా మూడో రోజుకి మళ్లీ అంతే." వాన లేకపోవడమే దీనికి కారణం. వానాకాలంలో పడిన బురదని మరుసటి వానే సగం కడిగేస్తుంది. చలికాలంలో ఆ సాయం ఉండదు. పగలు రేగిన దుమ్ము బండి మీద కూర్చుంటుంది, తెల్లవారుజామున మంచు దాన్ని తడుపుతుంది, తొమ్మిదింటికి ఎండ ఎక్కి ఆరబెడుతుంది. నాలుగు రోజులు ఇలా జరిగితే అరుగు అలికినట్టు పొర మీద పొర. ఆ పొరని పొడిగుడ్డతో గీకితే పెయింటు పోతుంది, వదిలేస్తే దాని కింద చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది.

మురికి కూడా ఊరికొక రకం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో డిసెంబరు, జనవరి నెలలంటే దాళ్వా (రెండో పంట వరి) దమ్ములు, అంటే నాట్ల కోసం పొలాన్ని బురదగా దున్నడం. ట్రాక్టరు చక్రాలకి అంటుకున్న మట్టి తారురోడ్డు మీద గడ్డలుగా రాలుతుంది. రామగుండం, మణుగూరు, కొత్తగూడెం వైపు బొగ్గు టిప్పర్ల పొడి. చీమకుర్తి, కరీంనగర్ వైపు గ్రానైటు పొడి. నెల్లూరు, తిరుపతి వాళ్లకైతే ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని డిసెంబరులో కూడా అసలు సిసలు బురదే. విశాఖ, కాకినాడల్లో వీటన్నిటి మీదా సముద్రపు ఉప్పుగాలి. అయినా చేయాల్సిన పని అందరికీ దాదాపు ఒకటే.

నేను మెకానిక్‌ని కాను. 125 సీసీ బండి మీద రోజూ నలభై కిలోమీటర్లు తిరుగుతాను, చలికాలంలో సెలవు దొరికితే మారేడుమిల్లి ఘాటీ ఎక్కుతాను. కింద రాసినవన్నీ నా చేత్తో చేసినవే, కొన్ని తప్పు చేసి నేర్చుకున్నవి. సూత్రం ఒక్కటే చెప్తాను: దుమ్ముని తడవక ముందే వదిలించాలి, తడిసిపోతే ఆరకముందే వదిలించాలి.

కావలసినవి

- బకెట్లు రెండు, మగ్గు ఒకటి. పైపు ఉంటే మంచిదే, ప్రెషర్ మెషీను అక్కర్లేదు.
- వాహనాల షాంపూ. బట్టల పౌడరూ గిన్నెల లిక్విడూ వద్దు, అవి మురికితో పాటు పెయింటు మీది వ్యాక్స్‌ని కూడా లాక్కుపోతాయి.
- మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, మూడు వేర్వేరు రంగుల్లో. ట్యాంకుకి ఒకటి, చక్రాలకీ ఇంజనుకీ ఒకటి, చైనుకి ఒకటి. ఒకే రంగువి కొంటే పదిహేను రోజుల్లో చైను గుడ్డ ట్యాంకు మీదికి వచ్చేస్తుంది.
- మెత్తని బ్రష్షు ఒకటి, పాత టూత్‌బ్రష్షులు రెండు.
- వ్యాక్స్ డబ్బా చిన్నది. సీజనంతా వస్తుంది.
- చైన్ క్లీనర్ లేదా కిరసనాయిలు. చైన్ ల్యూబ్ లేదా 90 నంబరు గేర్ ఆయిల్.
- సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు.
- లారీల వెనక వేలాడే మడ్‌ఫ్లాప్ లాంటి రబ్బరు షీటు, జానెడు ముక్క. లారీ పార్టుల షాపులో అడిగితే కోసి ఇస్తారు.
- పాత నూలు దుప్పటి.

మొదటి భాగం: సీజను మొదట్లో, ఒక్క ఆదివారం పని

1. శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. మురికి మీద వ్యాక్స్ పూస్తే ఆ మురికిని లోపల పెట్టి తాళం వేసినట్టే. మడ్‌గార్డుల లోపలి వైపు వేలు పెట్టి చూడండి. అక్కడ పాత వానాకాలపు మట్టి అట్టకట్టి ఉంటుంది. అది నీళ్లతో వెంటనే రాదు. తడిగుడ్డ అతికించి పావుగంట వదిలేస్తే మెత్తబడి ఊడుతుంది. స్క్రూడ్రైవరుతో గీకకండి.

2. వ్యాక్స్ పూయండి. ట్యాంకు మీద అందరూ పూస్తారు. అసలు పూయాల్సింది మడ్‌గార్డుల లోపలి వైపు, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) కింది భాగం, ఇంజను ముందున్న ఫ్రేము గొట్టం, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్, సైడ్ ప్యానెళ్ల దిగువన. మురికి పడేది అక్కడే. నీడలో, చల్లగా ఉన్న బండి మీద పలచగా పూసి, తెల్లగా పొడిబారాక తుడవండి. మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉంటుందనుకోవడం భ్రమ, దుమ్ము అంటుకోవడానికే పనికొస్తుంది.

హెచ్చరిక: బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, టైర్లు, సీటు, ఫుట్‌రెస్టులు, హ్యాండిల్ గ్రిప్పులు, వీటి జోలికి వ్యాక్స్ పోకూడదు. సీటు మెరవాలని పూసి, బ్రేకు వేసినప్పుడు ట్యాంకు మీదికి జారినవాళ్లని చూశాను. మెరుపు లేని మ్యాట్ పెయింటు బండికి మామూలు వ్యాక్స్ వద్దు, అక్కడక్కడా మెరిసి మచ్చలుగా కనిపిస్తుంది. మ్యాట్ కోసమే చేసిన స్ప్రే విడిగా దొరుకుతుంది.

3. ముందు మడ్‌గార్డుకి రబ్బరు తోక పెట్టండి. ఈ మొత్తంలో ఒక్క పని మాత్రమే చేస్తానంటే ఇదే చేయండి. ముందు చక్రం లేపిన మట్టి నేరుగా వెళ్లి ఇంజను ముందు భాగం మీద, సైలెన్సర్ వంపు మీద, హారన్ మీద, రేడియేటరు ఉంటే దాని మీద పడుతుంది. చాలా బళ్లకి కంపెనీ ఇచ్చిన మడ్‌గార్డు ఓ నాలుగు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. చూడటానికి అందం కోసమే తప్ప దానివల్ల లాభమేమీ లేదు.

ముందు పాత క్యాలెండరు అట్ట తీసుకుని మడ్‌గార్డు చివరి ఆకారానికి కత్తిరించండి. అట్ట సరిపోయాకే రబ్బరు కోయండి. అడుగు వైపు కొంచెం వెడల్పుగా ఉంచితే పక్కలకి చిమ్మేది కూడా ఆగుతుంది. బండి మీద మనిషి కూర్చున్నాక రబ్బరు అడుగుకీ నేలకీ మధ్య నాలుగు అంగుళాలు తగ్గకుండా చూడండి. అంతకన్నా దిగితే మన స్పీడు బ్రేకర్లే దాన్ని పీకేస్తాయి.

బిగించడానికి చిన్న బోల్టులు రెండు చాలు, రెండు వైపులా వెడల్పు వాషర్లు తప్పనిసరి. ప్లాస్టిక్ మడ్‌గార్డుకి డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి, అంచుకి మరీ దగ్గరగా కన్నం పెడితే చీలుతుంది. బోల్టు తల టైరు వైపూ, నట్టు బయటి వైపూ ఉండాలి. తిరగేసి బిగిస్తే పొడుచుకొచ్చిన మర టైరుని గీస్తుంది.

ఇప్పుడు పరీక్ష. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువంతా వేసి ఫోర్కుని పూర్తిగా కిందికి నొక్కండి. ఆ స్థితిలో రబ్బరు సైలెన్సర్ గొట్టానికి తగులుతోందా? తగిలితే ప్రయాణంలో కాలి కరిగి గొట్టానికి అంటుకుపోతుంది, మళ్లీ వదలదు. తర్వాత హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పండి, ఎక్కడా ఒరుసుకోకూడదు.

కన్నాలు పెట్టడం ఇష్టం లేకపోతే మీ మోడలుకి రెడీమేడ్ ఎక్స్‌టెండర్ దొరుకుతుందేమో చూడండి. అందులో అతికించే టేపు రకం కొంటే మధ్యాహ్నం ఎండలో, స్పిరిట్‌తో తుడిచాక అతికించండి. చలి పొద్దున చెమ్మ మీద అతికించిన టేపు ఒక్క రోజు కూడా ఆగదు. నాది రావులపాలెం దాటాక ఎక్కడో ఊడిపోయింది, ఊడినట్టు కూడా తెలియలేదు.

వెనక చక్రానికి టైరుకి దగ్గరగా ఉండే చిన్న మడ్‌గార్డు, అంటే హగ్గర్, పెట్టించగలిగితే మోనోషాక్ (వెనక ఉండే ఒంటి షాక్ అబ్జార్బర్) బతుకుతుంది. లేకపోయినా ఫరవాలేదు. నంబరు ప్లేటు కింద కంపెనీ ఇచ్చిన పొడుగాటి మడ్‌గార్డుని మాత్రం స్టైలు కోసం పీకేయకండి. పీకేసిన బళ్ల సంగతి వెనక కూర్చున్నవాళ్ల చొక్కా చూస్తే తెలుస్తుంది.

4. ఫోర్కు గొట్టాలు. మెరిసే గొట్టం మీద ఆరిన మట్టిచుక్క గరుకు కాగితంతో సమానం. గుంట వచ్చిన ప్రతిసారీ లోపలి ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు పెదవి దాని మీద రాసుకుంటుంది. ముడతల రబ్బరు తొడుగు ఉన్న బండి అయితే చిరుగులు లేకుండా, పైనా కిందా క్లిప్పులు బిగుతుగా ఉన్నాయా చూసుకోండి. చిరిగిన తొడుగు లేనిదానికన్నా ప్రమాదం, ఇసుకని లోపలే దాస్తుంది. తొడుగు లేని బండికి రోజూ తడిగుడ్డతో ఒక్కసారి తుడవడమే మందు.

5. కరెంటు జాయింట్లు, స్విచ్చులు. సీటు తీసి, సైడ్ ప్యానెల్ తీసి, చేతికందిన కనెక్టర్లు విప్పి, పొడిగా తుడిచి, అంచు రబ్బరుకి సిలికాన్ గ్రీజు కొద్దిగా రాసి తిరిగి పెట్టండి. హారన్ నోరు పైకి చూస్తుంటే కిందికి తిప్పండి, లేకపోతే అందులో మట్టి నిండుతుంది.

సైడ్ స్టాండు స్విచ్చు గురించి విడిగా చెప్పాలి. స్టాండు వేసి ఉంటే ఇంజను ఆగిపోయే బళ్లలో ఈ స్విచ్చు చక్రం చిమ్మే మట్టి దారిలోనే ఉంటుంది. అది మట్టి పట్టి బిగుసుకుంటే స్టాండు తీసినా వేసినట్టే బండి అనుకుంటుంది. రంపచోడవరం దాటాక నా బండి గేరు వేయగానే ఆగిపోయేది. ప్లగ్గు విప్పాను, పెట్రోలు చూశాను, గంటసేపు తల పట్టుకున్నాను. చివరికి టీ కొట్టు దగ్గర ఒక లారీ క్లీనరు కుర్రాడు సీసాడు నీళ్లు స్టాండు మీద పోసి నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించాడు, బండి కదిలింది. అప్పటి నుంచి వారానికోసారి ఆ పని నేనే చేస్తున్నాను.

6. ఎయిర్ ఫిల్టర్. ముందు మీ బండిలో ఏ రకమో తెలుసుకోండి, దాన్ని బట్టే పని. స్పాంజి రకమైతే కిరసనాయిల్లో ముంచి, మెలితిప్పకుండా పిండి, ఆరాక శుభ్రమైన ఆయిల్ పట్టించి మళ్లీ పిండి పెట్టాలి. పొడి కాగితం రకమైతే మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి తక్కువ గాలి కొట్టాలి. నూనె పట్టించిన కాగితం రకం చాలా కమ్యూటర్ (రోజువారీ వాడకపు) బళ్లలో ఉంటుంది, దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. దుమ్ము దారుల్లో తిరిగేవాళ్లు మాన్యువల్లో రాసిన కిలోమీటర్ల కన్నా ముందే మార్చాలి. పెట్టె అడుగున చిన్న డ్రెయిన్ గొట్టం వేలాడుతుంటుంది. దానిలో నీళ్లో నల్లటి ఆయిలో నిలిచి ఉంటే మూత తీసి వదిలేయండి.

రెండో భాగం: దారిలో

7. మురికి మీద పడనివ్వకండి. టిప్పరు వెనకా, వడ్ల ట్రాక్టరు వెనకా అంటిపెట్టుకుని పోకండి. దాటగలిగితే దాటండి, లేదంటే దుమ్ము దిగేంత దూరం వెనకబడండి. దమ్ము మట్టి పడిన రోడ్డు మీద మంచు కురిస్తే సబ్బునురగ మీద పోయినట్టే ఉంటుంది. వేగం తగ్గించండి, అది మీ ఎముకలకీ మంచిదే. నూర్పిడికి రోడ్డు మీద పరిచిన గడ్డి మీదుగా పోవాల్సి వస్తే దాటాక బండి ఆపి చూడండి. గడ్డి వెనక హబ్బుకి చుట్టుకుంటుంది, చైను తిరిగే పళ్లచక్రం స్ప్రాకెట్‌లో ఇరుక్కుంటుంది, సైలెన్సర్ మీద పడితే మాడువాసన వస్తుంది. ఇంజను ఆపాకే పీకండి, అదీ కర్రపుల్లతో.

హెల్మెట్ అద్దం మీద మంచుతో కలిసిన దుమ్ముని గ్లోవుతో తుడిచేయడం అందరికీ అలవాటు. పదిసార్లు అలా చేస్తే రాత్రిపూట ఎదురు లైట్లకి అద్దమంతా సాలెగూడులా మెరుస్తుంది. చిన్న సీసాలో నీళ్లు పెట్టుకోండి. రెండు చుక్కలు వేసి, మెత్తబడనిచ్చి, మెత్తటి గుడ్డతో అద్దండి. హెడ్‌లైటుకీ వెనక దీపానికీ ఇదే పద్ధతి. లంబసింగి లాంటి చోట పొగమంచులో మీ వెనక దీపం కనిపించకపోవడం బండి మురికి కన్నా చాలా పెద్ద సమస్య.

మూడో భాగం: ఇంటికొచ్చాక

8. సాయంత్రమే కడగండి. పొద్దున చూద్దాంలే అనుకుంటే తెల్లారేసరికి మంచు తన పని చేసేసి ఉంటుంది. ఇంజను చల్లారడానికి అరగంట ఆగండి. మండుతున్న సైలెన్సర్ మీద నీళ్లు పోయకండి. ఈలోగా సైలెన్సర్ నోటికి పాలిథిన్ కవరు కట్టండి. కడిగాక దాన్ని తీయడం మర్చిపోకుండా బండి తాళం ఆ కవరుకే రబ్బరు బ్యాండుతో కట్టడం నా పద్ధతి.

క్రమం ఇలా:

అన్నిటికన్నా ముందు కింది భాగం తడపండి. మడ్‌గార్డుల లోపల, ఇంజను అడుగున, చక్రాల మీద నీళ్లు పోసి వదిలేయండి. అది నానుతుండగా పైనించి మొదలుపెట్టండి. ట్యాంకు మీద ముందు ఉత్త నీళ్లే ధారగా పోసి ఇసుక దిగిపోనివ్వండి, ఆ తర్వాతే షాంపూ గుడ్డ. ఒక బకెట్లో షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డని రెండోదాంట్లో జాడించాకే మళ్లీ మొదటిదాంట్లో ముంచండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది కానీ చివర్లో రెండో బకెట్ అడుగున ఎంత ఇసుక దిగిందో చూస్తే మీకే తెలుస్తుంది. రెండో బకెట్ లేకపోతే అదంతా ట్యాంకు మీద రుద్దేవారన్నమాట. ట్యాంకు, ప్యానెళ్లు అయ్యాక గుడ్డ మార్చి ఇంజను, ఆఖర్న చక్రాలు.

ఇంట్లో వీలుకాక వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే పక్కన నిలబడండి. పైపు పట్టిన కుర్రాడికి ముందే చెప్పండి: "తమ్ముడూ, హబ్బుల మీద, చైను మీద, హ్యాండిల్ మెడ దగ్గర, స్విచ్చుల మీద దగ్గరగా కొట్టకు. రేడియేటరు మీద అసలు కొట్టొద్దు." ఆ వేగానికి నీళ్లు సీలు దాటి బేరింగుల్లోకి పోతాయి, లోపలి గ్రీజు పోతుంది. రేడియేటరు రెక్కలు వంగిపోతాయి. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి: "చివర్లో డీజిల్ కొట్టొద్దు." ఓ సంక్రాంతికి ముందు నేను ఈ మాట చెప్పడం మర్చిపోయాను. బండి అద్దంలా మెరుస్తుంటే సంబరపడి అరవై కిలోమీటర్లు ఊరికి వెళ్లాను. దిగేసరికి ఇంజను మీద గొంగళి కప్పినట్టు దుమ్ము, ముందు బ్రేకు పట్టుకుంటే కీచుమని అరుపు. డీజిల్ దుమ్ముని అయస్కాంతంలా లాగుతుంది, రబ్బరుని పాడుచేస్తుంది, డిస్కు మీద పడితే బ్రేకే దెబ్బతింటుంది.

అపార్ట్‌మెంట్లో పైపు లేదా? మొక్కలకి మందు కొట్టే చేతిపంపు స్ప్రేయరు కొత్తది ఒకటి కొనుక్కోండి, ఐదు లీటర్లది చాలు. సెల్లారులో నేల పెద్దగా తడవకుండా పనైపోతుంది, వాచ్‌మన్‌తో గొడవుండదు. పొలానికి వాడిన పాతది మాత్రం తేకండి.

ఇంత ఓపిక లేని రోజుల కోసం ఐదు నిమిషాల పని ఉంది. స్నానం కాదు, కాళ్లూ చేతులూ కడుక్కోవడం లాంటిది. తడిగుడ్డతో ఫోర్కు గొట్టాలు, దీపాలు, నంబరు ప్లేటు. పొడిగుడ్డతో చైను. మడ్‌గార్డుల లోపల రెండు మగ్గుల నీళ్లు. మిగతాది ఆదివారం చూడొచ్చు.

9. ఆరబెట్టండి. గుడ్డతో రుద్దకుండా అద్దండి. ప్లగ్గు గుంటలో, చక్రం రిమ్ము లోపలి అంచున, సీటు కింద నీళ్లు నిలుస్తాయి. తర్వాత ఒక కిలోమీటరు తిరిగి రండి, మధ్యమధ్యలో రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతూ. డ్రమ్ములూ డిస్కులూ ఆ వేడికి ఆరిపోతాయి. తడిసిన బండిని అలాగే మూల పెడితే పొద్దున బ్రేకు డ్రమ్ము అంటుకుపోయి ఉండొచ్చు.

10. చైను. దుమ్ము, తడి, ఆయిలు మూడూ కలిసేది ఇక్కడే. అందుకే చలికాలంలో చైను స్ప్రాకెట్ అంత తొందరగా అరిగేది.

సెంటర్ స్టాండు వేయండి, ఇంజను ఆపండి, న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పండి. గేరు వేసి ఇంజనుతో తిప్పుతూ గుడ్డ పట్టుకోవడం ఎప్పటికీ చేయొద్దు. గుడ్డని లాగిన చైను వేలిని కూడా లాగుతుంది, స్ప్రాకెట్‌కి వేలు ఒక లెక్క కాదు. సెంటర్ స్టాండు లేకపోతే బండిని రెండేసి అడుగులు తోస్తూ కాస్త కాస్తగా చేయండి.

టూత్‌బ్రష్షు కిరసనాయిల్లో ముంచి నాలుగు వైపులా రుద్దండి. పెట్రోలు వద్దు, ఇనుప బ్రష్షు వద్దు. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైనుల్లో ఆ రింగులు పాడైతే లోపలి గ్రీజు బయటికి, బయటి ఇసుక లోపలికి. గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత చైను లోపలి వైపు, అంటే పళ్ల మీద కూర్చునే వైపు, ల్యూబ్ పలచగా వేస్తూ చక్రం తిప్పండి. తిరిగేటప్పుడు అదే బయటికి పాకుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున పైన కనిపించే జిడ్డంతా తుడిచేయండి. చైనుకి కావలసింది లోపలి తడి, పైది దుమ్ముకి మాత్రమే ఉపయోగం. పొద్దున బయలుదేరే ముందు గబగబా ఆయిల్ కొట్టి దుమ్ములోకి పోయేవాళ్లు తమ చైనుకి తామే సాన పడుతున్నారు.

మామూలుగా 500 కిలోమీటర్లకోసారి, దుమ్ము దారిలో 300 కిలోమీటర్లకోసారి, కడిగిన ప్రతిసారీ. పూర్తి డబ్బా మూత ఉన్న చైనుకి ఇంత తరచుగా అక్కర్లేదు. సీజను మొదట్లో మెకానిక్‌తో మూత విప్పించి శుభ్రం చేయిస్తే నిండా మూడు నెలలు ధీమాగా ఉండొచ్చు.

11. కప్పి ఉంచండి, కానీ పాలిథిన్‌తో కాదు. గాలాడని కవరు కింద రాత్రి చెమ్మ పట్టి బండి ఆవిరికుడుములా తడిసిపోతుంది. షెడ్డు ఉంటే కవరే అక్కర్లేదు. ఆరుబయట అయితే లోపల నూలు దుప్పటి, పైన కవరు, అడుగున గాలి ఆడేలా వదులుగా కట్టండి. దుమ్ముతో ఉన్న బండి మీద మాత్రం ఏదీ కప్పకండి. గాలికి కవరు ఊగినంతసేపూ ఆ దుమ్ముతో పెయింటుని తోముతూనే ఉంటుంది.

అందరూ చేసే తప్పు, ఒకటే ఒకటి

మిగతావన్నీ పైన చెప్పేశాను, ఇది మాత్రం విడిగా. పొద్దున్నే బండి దగ్గరికి వస్తాం, సీటూ ట్యాంకూ మంచుతో తడిసి ఉంటాయి. సీటు కింద దోపిన గుడ్డ లాగుతాం, సీటు తుడుస్తాం, అదే చేత్తో ట్యాంకు కూడా ఒక్క పట్టు పడతాం. ఆ గుడ్డ దసరాకి పెట్టింది. అందులో మూడు నెలల ఇసుక ఉంది. ట్యాంకు మీద ఎండలో కనిపించే సన్నటి గుండ్రటి గీతలన్నీ ఆ ఒక్క పట్టు చలవే. ట్యాంకు మీద ఒక మగ్గు నీళ్లు పోసేసి వెళ్లిపోండి, గాలికదే ఆరుతుంది. సీటు గుడ్డ సీటుకే, దాన్ని కూడా వారానికోసారి ఉతకండి.

సముద్రం దగ్గర, ఉప్పు దగ్గర

విశాఖ బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు దుమ్ము లేకపోయినా వారానికోసారి మంచినీళ్లతో కడగాలి. క్రోము సైలెన్సర్, క్రోము రిమ్ముల మీద వ్యాక్స్ తప్పనిసరి. ఎర్రటి చుక్కలు అప్పుడే మొదలైతే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండచుట్టి, నీళ్లలో ముంచి, మెల్లగా రుద్దండి, పోతాయి. ఇది లోహపు క్రోముకి మాత్రమే, క్రోములా కనిపించే ప్లాస్టిక్‌కి కాదు.

ఇంగ్లండులో ఉండి బండి నడిపే మనవాళ్లు కూడా అడుగుతుంటారు. అక్కడ చలికాలంలో రోడ్డు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు, సమస్యంతా దానితోనే. తిరిగొచ్చిన ప్రతిసారీ చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే తుప్పు పని ఇంకా చురుగ్గా సాగుతుంది. తుప్పు పట్టనివ్వని స్ప్రే సీజను మొదట్లో బోల్టులకీ ఫ్రేముకీ కొట్టి, బ్రేకులకి తగలకుండా చూసుకోండి. మంచు కరిగింది కదా అని ఆపేయకండి, గట్టి వాన ఒకటి పడేదాకా ఉప్పు రోడ్డు మీదే ఉంటుంది.

పని ఫలించిందో లేదో చూసుకోవడం

ట్యాంకు మీద చేత్తో నీళ్లు చిలకరించండి. ముత్యాల్లా నిలబడితే వ్యాక్స్ ఉంది. పొరలా పరుచుకుంటే అయిపోయింది, మళ్లీ పూయాలి.

తెల్లగుడ్డతో చైనుని ఒక్కచోట పట్టి తుడవండి. బూడిదరంగు మరక మామూలే. వేళ్ల మధ్య గరుగ్గా ఇసుక తగిలితే శుభ్రం సరిపోలేదు. లింకుల సందుల్లో ఎర్రపొడి కనిపిస్తే చైను ఎండిపోయింది. చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి, చాలా కమ్యూటర్ బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి, మీ బండి లెక్క మాన్యువల్లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగుతుగా మరోచోట వదులుగా ఉంటే కడగడంతో పోయే సమస్య కాదు, చైను స్ప్రాకెట్ సెట్టు మార్చాల్సిందే.

స్టాండు మీద చక్రాలు తిప్పి చెవి పెట్టండి. ముందు చక్రం గరగరమంటే బేరింగులోకి నీళ్లో ఇసుకో చేరాయి.

చివరగా ఫోర్కు. గొట్టాలు తుడిచి, బ్రేకు పట్టి ముందుభాగాన్ని పదిసార్లు నొక్కి వదలండి. గొట్టం మీద సన్నటి తడిగీత గుండ్రంగా కనిపిస్తే ఆయిల్ బయటికొస్తున్నట్టు. వెంటనే సీలు మార్పించకండి. పైన దుమ్ముని ఆపే డస్ట్ సీలుని మెల్లగా పైకి లేపి, కింద చేరిన ఇసుకని పలచటి ప్లాస్టిక్ ఫిల్ము ముక్కతో గీరి తీసి, రెండు రోజులు నడిపి మళ్లీ చూడండి. నాకు ఒకసారి అంతటితోనే ఆగిపోయింది. మూడో రోజు కూడా గీత ఉంటే మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లండి. ఆ ఆయిల్ కారి ముందు బ్రేకు మీదికి చేరేదాకా ఆగొద్దు.